శాపం తగిలిన యాంటీహీరోని రాయడం: గోథిక్ సీరియల్ రైటర్ల కోసం

గోథిక్ కథల్లో, అంటే పాత భవనాలు, శాపాలు, దయ్యాలతో నడిచే భయపు కథల్లో, శాపం తగిలిన మనిషిని కథానాయకుణ్ణి చేయగానే రైటర్లు ముందుగా అతని మీద జాలి పుట్టించే పనిలో పడతారు. జాలి పుట్టించడం కష్టమేమీ కాదు. పాత బంగళా, బయట వాన, ఒంటరిగా కూర్చున్న మనిషి, వెనకాల వయొలిన్ ఉంటే నాలుగు నిమిషాల్లో పుడుతుంది, ఎనిమిదో నిమిషానికి ఆరిపోతుంది. సీరియల్ నడవాలంటే ప్రేక్షకుడు ఆ మనిషిని వదులుకోలేక, క్షమించనూలేక నలిగిపోవాలి. ఆ నలుగుడు ఒక లెక్కలోంచి వస్తుంది: శాపం చేయించింది ఎంత, అతను చేతులారా చేసింది ఎంత? ఆ లెక్క వేసే పద్ధతి, అది తప్పే చోట్లు ఇక్కడ చెబుతున్నాం.

రెండు కథలు దగ్గర పెట్టుకుందాం. మొదటిది అమెరికాలో ఏబీసీ ఛానెల్లో 1966 జూన్ నుంచి 1971 ఏప్రిల్ దాకా వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట చొప్పున నడిచిన డార్క్ షాడోస్. డాన్ కర్టిస్ సృష్టించిన ఆ సీరియల్లో 1967 ఏప్రిల్లో బార్నబస్ కాలిన్స్ అనే రక్తపిశాచి అడుగుపెట్టాడు. జొనాథన్ ఫ్రిడ్ వేసిన ఆ పాత్రని కొద్ది వారాలకే అనుకుని తెచ్చారు, చివరికి సీరియల్ మొత్తం అతని చుట్టూనే తిరిగింది. శాపగ్రస్త యాంటీహీరో (మంచివాడు కాని కథానాయకుడు) గురించి టీవీలో నేర్చుకోదగ్గవి, జాగ్రత్తపడవలసినవి అందులో చాలా ఉన్నాయి. రెండో కథ ఈ వ్యాసం కోసం అల్లుకున్నది. దాన్ని శాపపత్రంతో మొదలుపెడదాం.

శాపపత్రం

ట్రీట్‌మెంట్ (కథని వివరంగా చెప్పే రాత) కన్నా ముందు, సీన్ ఆర్డర్ (సీన్ల వరస) కన్నా ముందు, శాపాన్ని ఒక్క పేజీలో దస్తావేజులా రాయండి. అందులో ఐదు విషయాలు తేలాలి. ఎవరు, ఎందుకు శపించారు. శాపం అతనితో ఏం చేయిస్తుంది. ఏం చేయించదు. అతనికి ఏం ఇస్తుంది. విమోచనం ఏమిటి, దానికి ఎవరు ఏం పోగొట్టుకోవాలి.

మన కథలో ఒక పెద్ద ఇల్లు. ఊళ్లో అంటురోగం ప్రబలిన రాత్రి ఇంట్లో 11 మంది తలదాచుకున్నారు. చనిపోయిన అన్న భార్య, జ్వరంతో కాలిపోతున్న బిడ్డని భుజాన వేసుకుని వచ్చి తలుపు కొట్టింది. మన కథానాయకుడు తలుపు తీయలేదు. తెల్లవారేసరికి బిడ్డ చనిపోయాడు. వదిన శపించింది: "ఎవర్నీ లోపలికి రానివ్వలేదుగా. ఇకమీదట లోపలికి రానిచ్చినవాళ్ల ప్రాణమే తిని బతుకు." అప్పట్నుంచి ఆ ఇంట్లో రాత్రి నిద్రపోయిన అతిథి ఆయుష్షులోంచి ఒక ఏడాది అతనికి వచ్చి చేరుతుంది. 30 రోజులు ఎవరూ నిద్రపోకపోతే 31వ రోజు వేళ్లు నల్లబడటం మొదలవుతుంది. 40వ రోజుకి ఒళ్లంతా శవమవుతుంది, కానీ స్పృహ పోదు. ఇదీ శాపం చేయించేది.

ఇక చేయించనిది. ఏ అతిథిని పిలవాలో శాపం చెప్పదు. అతిథికి నిజం చెప్పొద్దని ఎక్కడా లేదు. ఒక్క రాత్రికి బదులు పది రాత్రులు ఉంచుకోమని అసలే లేదు. రాసేటప్పుడు శాపపత్రంలోని ఈ మూడో విషయం, 'ఏం చేయించదు' అన్నదాని మీదే ఎక్కువ సేపు కూర్చోండి, మీ సీరియల్ నీతి అంతా ఈ ఖాళీలోనే ఉంటుంది. శాపం మరీ బిగుతుగా ఉంటే అతను రోగి అవుతాడు. రోగి మీద జాలి పడతాం తప్ప అతని గురించి వాదులాడుకోం. మరీ వదులుగా ఉంటే శాపం సాకైపోయి, అతను మామూలు విలన్ అవుతాడు.

శాపం అతనికి ఏం ఇస్తుందో రాయడం చాలామంది మర్చిపోతారు. అతనికి ముసలితనం లేదు. ఇల్లు కూలదు. వచ్చినవాళ్లకి అతని మాట మీద గురి కుదురుతుంది. ఈ లాభాలున్నాయి కాబట్టే "ఇది నాకొద్దు" అని అతను అన్నప్పుడు మనం పూర్తిగా నమ్మలేం. నమ్మలేకపోవడమే మనకి కావలసింది.

శాపవిమోచనం: అన్నీ తెలిసి, ఇష్టపడి ఒకరు ఆ ఇంట్లో నిద్రపోతే శాపం పోతుంది, వాళ్ల మిగిలిన ఆయుష్షంతా దాంతోపాటే పోతుంది. అంటే ప్రేమించిన మనిషే మందు, ఆ మందు వాడితే ఆ మనిషి ఉండదు. విమోచనానికి ఇలాంటి వెల ఉండాలి. ఎక్కడో గుహలో దాచిన తాయెత్తు దొరికితే పోయే శాపమైతే అది వేట కథ అవుతుంది.

మూలంలోనే రెండు న్యాయాలు పెట్టండి

శపించిన మనిషికి న్యాయం ఉండాలి, శాపం పడ్డవాడికీ కొంత ఉండాలి. తలుపు తీయకపోవడం వల్ల ఒక బిడ్డ పోయాడు, లోపలున్న 11 మంది బతికారు. ఇందులో ఎవరిది తప్పో తేల్చే సీన్ రాయకండి. వదిన పాత్రలో మాట్లాడేటప్పుడు నిండు మనసుతో ఆమె పక్షాన ఉండండి, అతని పాత్రలో మాట్లాడేటప్పుడు అతని పక్షాన.

డార్క్ షాడోస్ ఈ పని గట్టిగా చేసింది. సీరియల్ వెనక్కి వెళ్లి చూపించిన 1795 నాటి కథలో బార్నబస్ పెళ్లి జోసెట్‌తో నిశ్చయమై ఉంది. అంతకుముందే కరీబియన్ దీవి మార్టినీక్‌లో, జోసెట్ దగ్గర పనిచేసే ఏంజెలిక్‌తో అతనికి సంబంధం ఉంది. పెళ్లి వేళకి ఏంజెలిక్‌ని ఏమీ జరగనట్టు పక్కన పెట్టాడు. ఏంజెలిక్ మంత్రగత్తె. జోసెట్ మనసుని అతని బాబాయి జెరమయా వైపు తిప్పింది. బార్నబస్ ద్వంద్వయుద్ధంలో జెరమయాని చంపాడు, తర్వాత ఏంజెలిక్‌నే పెళ్లాడాడు, నిజం తెలిశాక ఆమెని కాల్చాడు. పడిపోతూ ఆమె శపించింది. అతను చేసిన ద్రోహం నిజం, పడిన శిక్ష ఆ ద్రోహానికి ఎన్నో రెట్లు. తప్పుకీ శిక్షకీ మధ్య ఉన్న ఈ తేడాలోనే ప్రేక్షకుడి జాలి, కోపం రెండూ మసులుతాయి. ఏ తప్పూ లేనివాడికి శాపం తగిలిస్తే ఆ తేడా పోయి, దురదృష్టం మాత్రం మిగులుతుంది.

నేరం ముందు, కారణం తర్వాత

ఈ వరస తప్పితే మిగిలినవన్నీ సరిగ్గా చేసినా లాభం లేదు. బార్నబస్ 1967 ఏప్రిల్లో వచ్చాడు. వచ్చిన కొద్ది వారాలకే మేగీ ఎవాన్స్ అనే అమ్మాయిని ఎత్తుకుపోయి, పాత ఇంట్లో బంధించి, జోసెట్ బట్టలు కట్టించి, జోసెట్ సంగీతపు పెట్టె చేతికిచ్చి, "నువ్వు మేగీవి కావు, జోసెట్‌వి" అని నమ్మించబోయాడు. ఒప్పుకోకపోతే చీకటికొట్లో పెట్టాడు. అతనికి శాపం ఎలా తగిలిందో చూపించే 1795 కథ మొదలైంది మాత్రం నవంబరులో. ఏడు నెలల పాటు ప్రేక్షకులు నేరాలు చూశాకే కారణం విన్నారు. అందుకే ఆ కారణం నేరాన్ని తుడిచేయలేకపోయింది. దాని పక్కన వచ్చి నిలబడింది, అంతే.

ఇప్పటి 10 ఎపిసోడ్ల సీజన్‌లో, ఎపిసోడ్ 45 నిమిషాలనుకుంటే, ఇలా పంచుకోండి. మొదటి ఎపిసోడ్‌లో అతని మర్యాద, ఇల్లు, ఏదో తేడాగా ఉందన్న అనుమానం. రెండో దాని చివర మొదటి నేరం, తెరమీదే, దాపరికం లేకుండా. మూడు, నాలుగులో ఆ నేరం ఎవరి నెత్తిన పడిందో. ఐదులో శాపం కథ. ఆరులో ప్రేక్షకుడు మెత్తబడతాడు, మెత్తబడనివ్వండి. ఏడులో శాపానికి సంబంధం లేని నేరం ఒకటి, అతను పూర్తిగా తన ఇష్టంతో చేసింది. శాపం కథ విని క్షమించినవాళ్లకి అది చెంపదెబ్బలా తగలాలి. ఎనిమిది, తొమ్మిది దాని ఫలితం. పదిలో విమోచనం గుమ్మం దాకా రావాలి.

ఫ్లాష్‌బ్యాక్‌ని మొదటి ఎపిసోడ్‌లోనే పెట్టమని ఒత్తిడి వస్తుంది. ప్రేక్షకుడికి హీరో నచ్చకపోతే ఛానెల్ మారుస్తాడన్న భయంతో అలా అడుగుతారు. అప్పుడు ఫ్లాష్‌బ్యాక్ బదులు వేరే పట్టు ఇవ్వండి: అతని తెలివి, మాటతీరు, ఒక చిన్న ఇష్టం. అతను రోజూ సాయంత్రం ఇంట్లో ఉన్న 11 పాత కుర్చీల దుమ్ము తుడుస్తాడు. ఎందుకో ఐదో ఎపిసోడ్‌లో తెలుస్తుంది. కారణం ముందే తెలిసిన ప్రేక్షకుడు ప్రతి నేరాన్నీ "పాపం" అన్న మాటతోనే చూస్తాడు.

ఖాతా

సీన్ ఆర్డర్ పక్కనే ఒక ఖాతా పెట్టండి. నాలుగు గడులు చాలు: ఎపిసోడ్, శాపం చేయించింది, తను చేసింది, అనుభవించినవాళ్లు. అతని ప్రతి పనినీ విడదీసి అందులో రాయండి. ఒకే పనిని రెండు గడుల్లోకి విడదీయగలిగితే మీ సీన్ బాగున్నట్టే. అతిథి నిద్రపోవడం శాపం గడిలోకి వెళ్తుంది. అతిథి వెళ్లిపోతానంటే మాటల్లో పెట్టి ఆపడం రెండో గడిలోకి.

బార్నబస్‌ని ఇందులో పెట్టి చూడండి. జేసన్ మెక్‌గ్వైర్ అనే బ్లాక్‌మెయిలర్ నగల ఆశతో అతని శవపేటిక దాకా వచ్చి అతని చేతిలో చచ్చాడు. ఆకలి కోసం కాదు, గుట్టు కోసం. అయినా చచ్చినవాడు దుర్మార్గుడు కాబట్టి ప్రేక్షకుడు పట్టించుకోలేదు. తర్వాత డాక్టర్ వుడార్డ్. మంచి మనిషి, నిజం తెలుసుకున్నాడు. బార్నబస్, అతనికి వైద్యం చేస్తున్న డాక్టర్ జూలియా హాఫ్‌మన్ కలిసి వుడార్డ్‌ని ఇంజక్షన్‌తో చంపి గుండెపోటులా కనిపించేలా చేశారు. ఇందులో శాపం గడి ఖాళీ. పళ్లు లేవు, రక్తం లేదు, అర్ధరాత్రి ఆకలి లేదు. భయపడ్డ ఇద్దరు మనుషులు, ఒక సిరంజి. అన్ని రక్తపిశాచపు సీన్లకన్నా ఇది ఎందుకు ఎక్కువ కలవరపెడుతుందంటే, అలాంటి పని చేయడానికి శాపం అక్కర్లేదని మనకి తెలుసు.

విల్లీ లూమిస్ సంగతి మరీ దారుణం. నగల కోసం శవపేటిక తెరిచి బార్నబస్‌ని బయటికి వదిలింది అతనే, తర్వాత అతనికి బానిసయ్యాడు. మేగీని ఎత్తుకుపోయిన నేరం చివరికి విల్లీ మీద పడింది. తుపాకి దెబ్బ తిని, మతి చెదిరి, పిచ్చాసుపత్రికి చేరాడు. బార్నబస్ ఆ నింద అలాగే ఉండనిచ్చాడు. నోరు తెరిచి నిజం చెప్పకపోవడం కూడా రెండో గడిలో రాయవలసిన పనే. యాంటీహీరో మౌనంతో చేసే నేరాలు రాయడానికి బడ్జెట్ అక్కర్లేదు, ప్రేక్షకుడు వాటిని మర్చిపోడు.

లెక్క చూసుకునే పద్ధతి: వరసగా మూడు ఎపిసోడ్లలో "తను చేసింది" గడి ఖాళీగా ఉంటే కథ ఏడుపు కథ అవుతోందని గుర్తు. "శాపం చేయించింది" గడి మూడు ఎపిసోడ్లు ఖాళీ అయితే శాపం అలంకారంగా మారిపోయింది. "అనుభవించినవాళ్లు" గడిలో ఎప్పుడూ చెడ్డవాళ్ల పేర్లే ఉంటే మీరు మోసం చేస్తున్నారు. దుర్మార్గుల్నే తినే పిశాచం ఇంటి కుక్కలాంటిది, కాపలా కాస్తుంది. సీజన్‌కి కనీసం ఇద్దరు నిర్దోషులు ఆ గడిలో ఉండాలి.

బలైనవాళ్లకి పేరు పెట్టండి

ప్రతి బాధితుడికి మూడు ఉండాలి: ఒక పేరు, సగంలో ఆగిన ఒక పని, ఎదురుచూసే ఒక మనిషి. మన ఇంటికి వచ్చిన అతిథి ఊరూరా తిరిగి గడియారాలు బాగుచేసే కుర్రాడు. సంచిలో ఇంకా బిగించని ఒక గడియారం ఉంది. ఎవరో ముసలాయన దాని కోసం ఎదురుచూస్తున్నాడు. రెండు ఎపిసోడ్ల తర్వాత ఆ ముసలాయన తలుపు కొట్టి, "నా గడియారం ఇచ్చివెళ్లాడా?" అని అడగాలి. ఒక్క నిమిషం సీన్ చాలు. కథానాయకుడు గడియారం తెచ్చి ఇస్తాడు. అది నడుస్తోంది, రాత్రి కూర్చుని అతనే బిగించాడు. దయా, పశ్చాత్తాపమా, ఆనవాలు చెరిపేయడమా? ముసలాయన డబ్బిస్తే తీసుకుంటాడా, తీసుకోడా? ఇలాంటి వస్తువు ఒకటి దొరికితే పది పేజీల ఆత్మఘోష అక్కర్లేదు.

మాటలు

శాపగ్రస్తుడి చేత తన శాపం గురించి మాట్లాడించడం ఈ జాతి సీరియళ్లకి పట్టిన పెద్ద జబ్బు. మొదటి డైలాగ్ వెర్షన్‌లో ఇలా వస్తుంది:

"నేను మనిషిని కాను, శాపాన్ని! నన్ను బతకనివ్వదు, చావనివ్వదు. నా గుండెలో మంట ఎవరికి చెప్పుకోను?"

ఈ మాటల్లో తప్పొప్పులు రెండూ లేవు. తనకి తానే తీర్పు చెప్పేసుకున్నాడు, ప్రేక్షకుడికి పని మిగల్లేదు. అదే రాత్రిని పనివాడు వీరన్నతో చిన్న మాటల్లో పెట్టి చూడండి. 29వ రోజు. గడియారాల కుర్రాడు పైగదిలో ఉన్నాడు.

"పైగదిలో దుప్పటి మార్చావా?"

"మార్చానయ్యా. ఆయన ఉండనంటున్నాడు. వాన తగ్గగానే బయల్దేరతాట్ట."

"తగ్గలేదుగా."

"తగ్గిపోయిందయ్యా. ఇందాకే."

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్తాడు. బయట చూరునీళ్లు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. తెర లాగుతాడు.

"పైన కూడా తెరలు వేసిరా. చల్లగాలి తగులుతుంది."

వీరన్న కదలడు.

"వీరన్నా."

"వేస్తానయ్యా."

ఇక్కడ శాపం అన్న మాటే లేదు. 29వ రోజు అన్నది శాపం, తెర లాగడం అతను. ఆ తెర మీద ప్రేక్షకులు వాదించుకోవచ్చు, ఇంకో రోజు ఆగి వేరే మనిషిని వెతకొచ్చుగా అని. వీరన్న "వేస్తానయ్యా" అనడంతో అతనికీ వాటా వచ్చింది. ఒకప్పుడు తలుపు తీయనివాడే ఇప్పుడు తెర మూశాడన్న పోలిక ఐదో ఎపిసోడ్ చూశాక తడుతుంది. ఆ పోలికని ఎవరి చేతా చెప్పించకండి.

ఒప్పుకోలు సీన్ సీజన్‌కి ఒక్కటి ఉండొచ్చు. అందులో అతను ఒక పేరుతో, ఒక పనితో మొదలుపెట్టాలి: "ఆ కుర్రాడు వెళ్తానన్నాడు. నేను ఉంచేశాను." "నా వల్ల ఎందరో..." అని మొదలుపెడితే కొట్టేయండి. లెక్క చెప్పనివాడి పశ్చాత్తాపం తనని తాను ఓదార్చుకోవడం కిందికే వస్తుంది.

చుట్టూ ఉన్నవాళ్లు: తలా ఒక తీర్పు

కథానాయకుడి గురించి ఒకే అభిప్రాయం ఉన్న ఇద్దరు పాత్రల్ని ఉంచుకోవద్దు, ఒకర్ని తీసేయండి. కనీసం నలుగురు కావాలి: అన్నీ తెలిసి సాయపడేవాడు, బాగుచేయాలనుకునే మనిషి, శపించినవాళ్లు లేదా వాళ్ల తరఫువాళ్లు, అతని పాత మంచితనం తెలిసిన సాక్షి. బార్నబస్‌కి విల్లీ, జూలియా, ఏంజెలిక్ ఉన్నట్టే, సాక్షిగా చనిపోయిన చిన్న చెల్లెలు సారా దయ్యం ఉంది. మేగీకి తప్పించుకునే దారి చూపింది ఆ పాపే. చెల్లెలి మీద ప్రాణం పెట్టుకున్న అన్న, తన ఖైదీని విడిపించిన చెల్లెలు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే తీర్పు వచ్చేసింది.

జూలియా పాత్రని విడిగా చదువుకోవాలి. మేగీకి వైద్యం చేయడానికి వచ్చిన డాక్టర్ ఆమె. నిజం తెలిశాక పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. ఇలాంటి రోగాన్ని నయం చేసిన మొదటి మనిషి కావాలన్న ఆశతో బార్నబస్‌తో చేయి కలిపింది, మేగీ జ్ఞాపకాల్ని హిప్నాటిజంతో మూసేసింది, తర్వాత అతన్ని ప్రేమించింది. అతని మసి ఆమెకీ అంటింది. మీ కథలో ప్రేమించే మనిషి స్వచ్ఛంగా ఉండి, ఏమీ తెలియకుండా ఉంటే ఆమె కూడా ఒక బాధితురాలే, ఖాతాలో నాలుగో గడిలో రాయండి. సీజన్ సగానికల్లా ఆమెకి తెలియాలి, తెలిసీ ఉండిపోవడానికి ఆమెకి సొంత కారణం ఉండాలి. "నా ప్రేమతో మార్చుకుంటాను" అన్నది కారణం కాదు.

కెమెరా దగ్గర

స్క్రిప్ట్‌లో తూకం కుదిరినా ఎడిటింగ్‌లో ఒరిగిపోవచ్చు. నేరం జరిగిన వెంటనే ఎవరి క్లోజప్ పడుతుందో అదే తీర్పు. అతని తడి కళ్ల మీద కట్ చేస్తే క్షమించమని అడుగుతున్నట్టు. బాధితుడి మొహం మీద కట్ చేస్తే శిక్షించమని. ఈ రెండూ వదిలేసి వస్తువు మీదికో, చూసిన మూడో మనిషి మీదికో వెళ్లండి: మూసిన తెర, మెట్ల మీద నిలబడ్డ వీరన్న. ఆ షాట్‌ని నాలుగైదు సెకన్లు ఉంచి ఆ తర్వాతే సంగీతం మొదలుపెట్టండి. నేరం జరుగుతున్నప్పుడు విషాద రాగం వేయొద్దని రీరికార్డింగ్‌కి (నేపథ్య సంగీతం కూర్చే పనికి) ముందే రాసివ్వండి, లేకపోతే అలవాటుగా పడిపోతుంది.

వెలుగు విషయంలో సగం మొహం చీకటి అన్నది అరిగిపోయిన పద్ధతి. అతను అబద్ధం చెప్పే సీన్లని పట్టపగలు, నిండు వెలుగులో తీయండి. నిజం చెప్పేవి చీకట్లో.

నటుడికి ఒకే మాట చెప్పండి: ఎక్కడా బాధని ప్రదర్శించొద్దు, మర్యాదని ప్రదర్శించు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన చుట్టంలా బార్నబస్ కాలిన్స్ కుటుంబపు కాలిన్‌వుడ్ భవనంలో అడుగుపెట్టినప్పుడు హాల్లో అతని పాత చిత్రపటం వేలాడుతోంది, అతను దాని ముందు వినయంగా మాట్లాడుతున్నాడు. భయం ఆ వినయంలోనే ఉంది.

ఎక్కడ చెడుతుంది

జంట మనిషి చిక్కు. శాపం వచ్చినప్పుడు అతను వేరే మనిషైపోతాడు, తర్వాత ఏమీ గుర్తుండదు. ఇలా చేస్తే నేరం ఇంకెవరో చేసినట్టే, ఖాతాలో రాయడానికి ఏమీ ఉండదు. 1997లో మొదలైన బఫీ ద వాంపైర్ స్లేయర్ సీరియల్లో ఏంజెల్ అనే రక్తపిశాచి పాత్రకి ఈ చిక్కు ఉంది: ఆత్మ ఉంటే ఒకడు, పోతే ఇంకొకడు. దాన్ని రెండు చోట్ల సరిదిద్దారు. ఆత్మ తిరిగి రావడమే అతనికి శాపం, చేసినవన్నీ గుర్తుంటాయి కాబట్టి. నిండు సంతోషం ఒక్క క్షణం కలిగితే ఆ ఆత్మ మళ్లీ పోతుంది. మీ కథలో రూపం మారడం తప్పనిసరైతే కనీసం జ్ఞాపకం మిగల్చండి. ఇంకా మంచిది, మారే ముందు పది నిమిషాలు ఇవ్వండి. గొళ్లెం పెట్టుకోగల సమయం ఉండీ పెట్టుకోని రాత్రి ఒకటి రాయండి.

పెద్ద విలన్ చిక్కు. కథ సాగేకొద్దీ అతనికన్నా ఘోరమైనవాణ్ణి తెస్తారు. పక్కన పెద్ద చీకటి ఉంటే ఇతను వెలుగులా కనిపిస్తాడు. డార్క్ షాడోస్ కూడా 1968 తర్వాత ఈ దారిలోనే పోయి, బార్నబస్ కుటుంబాన్ని కాపాడేవాడయ్యాడు. వేలల్లో ఉత్తరాలు రాసే అభిమానులున్న పాత్రని విలన్‌గా ఉంచడం ఏ ఛానెల్‌కీ సులువు కాదు. అయినా మేగీకి చేసిన దానికి లెక్క తేలలేదన్న వెలితి చూసేవాళ్లకి ఉండిపోతుంది. కొత్త విలన్ని తేవలసి వస్తే, పాత బాధితుల్లో ఒకర్ని ఆ విలన్ పక్షాన నిలబెట్టండి. తమ్ముడి గడియారాల సంచి దొరికిన అక్క. అప్పుడు ఖాతా మూతపడదు.

తొందర వైద్యం. శాపం మధ్యలో పోతే కథకి ఇంధనం పోతుంది, బార్నబస్ 1968లో కొంతకాలం మామూలు మనిషైనా శాపం మళ్లీ తేవలసి వచ్చింది. వైద్యాన్ని బహుమతిగా కాక పరీక్షగా వాడుకుంటే పనికొస్తుంది. జూలియా ఇంజక్షన్లు పనిచేస్తున్నప్పుడు అతను ఆగలేక మోతాదు పెంచమన్నాడు. అసలు వయసంతా ఒక్కసారి మీదపడి పండు ముసలివాడయ్యాడు. యవ్వనం తిరిగి తెచ్చుకోవడానికి తన వంశపు అమ్మాయి కారొలిన్‌నే కరిచాడు. విమోచనం దారిలో ఉండగా చేసిన నేరం అది.

నియమాలు జారిపోవడం. నలుగురు రైటర్లు పంచుకుని రాస్తే 30 రోజులు కాస్తా ఎనిమిదో ఎపిసోడ్‌కి "కొన్నాళ్లు" అవుతాయి. శాపపత్రాన్ని గోడకి అంటించండి. ఏ మార్పైనా దాని మీదే, తేదీతో.

రాసింది పనిచేస్తోందో లేదో చూడటానికి బౌండ్ స్క్రిప్ట్‌ని (పూర్తయిన స్క్రిప్ట్‌ని) కథ తెలియని ఇద్దరికి విడివిడిగా ఇవ్వండి. "అతను నచ్చాడా?" అని అడగొద్దు. ఏడో ఎపిసోడ్ తీసి, "ఇక్కడ అతను ఏం చేసి ఉండాల్సింది?" అని అడగండి. ఇద్దరూ ఒకే జవాబు చెబితే సీన్ ఒక వైపుకి ఒరిగింది. "ఏం చేయగలడు పాపం" అంటే శాపం బిగుతు ఎక్కువైంది, శాపపత్రంలో మూడో విషయం తిరగరాయండి. ఇద్దరూ మీ ముందే వాదన మొదలుపెడితే సీన్‌ని ముట్టుకోకండి.

ముగింపు

మూడు దార్లున్నాయి: శాపం పోవడం, అతను పోవడం, రెండూ అలాగే ఉండిపోవడం. చనిపోవడం తేలికగా కనిపిస్తుంది కానీ త్యాగం పేరుతో చంపేస్తే ఖాతా మొత్తం ఒక్క సీన్‌తో కొట్టేసినట్టవుతుంది. 1795 కథలో బార్నబస్ తనని చంపమని తండ్రి జాషువాని వేడుకున్నాడు. కొడుకుని చంపడానికి తండ్రికి చేతులు రాలేదు, శవపేటికకి గొలుసులు చుట్టించి వదిలేశాడు. ఆ ప్రేమే 1967లో మేగీని చెరలో పడేసింది. ఇలా ఒకరి మంచితనం ఇంకొకరి మెడకి చుట్టుకునే ముగింపు వెతకండి.

మన కథలో చివరి రాత్రి 39వ రోజు. అతను ఎవర్నీ పిలవలేదు, వేళ్ల నుంచి మోచేతుల దాకా నల్లబడ్డాయి. అన్నీ తెలిసిన వీరన్న పైగదిలో దుప్పటి పరుస్తాడు, ఈసారి తన కోసం. తను పడుకుంటే శాపం పోతుందని, తనూ పోతాడని అతనికి తెలుసు. కింద కథానాయకుడికి మంచం కిర్రుమన్న చప్పుడు వినిపిస్తుంది. లేచి వెళ్లి వీరన్నని లేపడానికి ఓపిక ఉంది, మెట్లు 14 ఉన్నాయి. ఏడో మెట్టు దాకా ఎక్కించి, అక్కడ కూర్చోబెట్టండి. ఊపిరి తీసుకోవడానికి కూర్చున్నాడో, ఆలస్యం చేయడానికి కూర్చున్నాడో స్క్రిప్ట్‌లో రాయకండి, నటుడికీ చెప్పకండి.